గోరు చుట్టూ నీలి

గీత గీసేది గురవయ్య మేస్త్రి.
కాల్చిన చింతపుల్లతో ఒక్క లాగు లాగితే భుజం,
ఇంకో లాగుకు విల్లు.
నల్లది కొడుకు అద్దుతాడు, ఎర్రది కోడలు.
నీలి మాత్రం నాది, ముప్పై రెండేళ్లుగా.
అన్నీ అయినాక, ఎనుము పాలల్లో మళ్ళీ మునిగి,
ఎండి, పెళపెళలాడతా
ఆఖరున నా ఒడిలోకొస్తుంది బట్ట.

కుండలో నీలి నీలిగా ఉండదు, తెలుసా.
సున్నపు తేట, తగిరి గింజలు ఉడికించిన నీళ్లు,
నాలుగు దినాలు మూత.
పైన రాగిచెంబు మెరుపు,
లోపలంతా పసరు.
కలానికి చుట్టిన ఉన్నిని పిసికితే
బట్ట మీదికి దిగేది ఆకు రంగే.
రాముడి మోకాలు మొదట పచ్చగానే ఉంటుంది,
కామెర్లొచ్చిన పసిబిడ్డ మాదిరి.
గాలి పట్టాల.
నేను ఊదను, ఊదితే మచ్చ పడుతుందని అత్త చెప్పింది.
ఊరికే చూస్తా కూచుంటా,
సొర్ణముఖి ఇసుక మీంచి, లారీల దుమ్ముతో పాటు
గాలి లోపలికొచ్చి
ఆయన్ని దేవుణ్ణి చేసేదాకా.

ఆ అత్తే మొదట్లో,
ఎడమచేత్తో దేవుడికి రంగేంది అని కలం పెరుక్కునింది.
గీత దాటని నా పని చూసి
పదోనాడు తనే కలానికి కొత్త ఉన్ని చుట్టిచ్చింది.
మాట మాత్రం వెనక్కు తీసుకోలేదు.

ఈ రంగుకు ఒక లెక్కుంది.
సీతమ్మకు పసుపు, రావణుడికి ఎరుపు.
గుర్రాలకు, ఏనుగులకు, పల్లకి మోసేవాళ్లకు
ఏది మిగిలితే అది.
నీలం ఒక్క దేవుడికే.
పోతే, నాకు.
గోరు చుట్టూ, గోటి కింద, వేలి గీతల్లో.
చింతపండుకు పోదు, కిరసనాయిలుకు పోదు.
నా చిన్నోడు మూడేళ్లప్పుడు
పెరుగన్నం ముద్ద నా చేత్తో వద్దని,
గంటెతో పెట్టమని ఏడ్చినాడు.
గంటెతోనే పెట్టినా.

మొన్న ఓట్ల నాడు, గవర్నమెంటు బళ్ళో,
గంగారపు ప్రసూనమ్మ అని పేరు చదివి
వేలు చూపించమన్నాడు.
చూపిస్తి.
"ఏమ్మా, నీ ఓటు అయిపోయిందే!"

"ఇది ఓటుది కాదు సార్, కోదండరాముడిది."

లైనంతా నవ్వింది.
ఏజెంట్లు లేచినారు,
రెండు పార్టీలూ ఆపొద్దు ఒకే మాట మీద.
ఆఫీసరు కండ్లద్దాలు నుదుటికెత్తి
నా వేలు పట్టుకుని గీకినాడు, వాసన చూసినాడు,
పాలు, సున్నం, ఇంకేదో, తుమ్మినాడు.
అప్పుడు వెనకనుంచి మా పట్టడ ఆడోళ్లు,
దొరసానమ్మ, ఫాతిమా, రాజకుమారి, ఇంకా ముగ్గురు
చేతులు పైకెత్తినారు.
పదేసి వేళ్లూ.
ఆ గది గోడకు పిల్లోళ్లు గీసిన నెమలి బొమ్మ ఉంది,
దానికంటే ఎక్కువ నీలం అక్కడ.

పుస్తకంలో ఏందో రాసుకుని
నడిమి వేలికి పెట్టినాడు చుక్క.
దానికి గాలితో పనే లేదు, పెట్టిన చోటే నల్లబడింది.
గోరుతో పాటు పైకి జరిగి జరిగి
రెండు నెలలకు అంచుకొచ్చింది.
కత్తిరించి చెత్తలో వేస్తి.

ఆ సాయంత్రం ఒడిలో ఉన్నది గంగ దాటే బట్ట.
పడవలో రాముడి పాదం, మడమ, అయిపోయినాయి.
తెడ్డేసే గుహుడికి వట్టి బట్ట రంగు,
మేస్త్రి ఆయనకేమీ చెప్పలేదు.
కలంలో ఇంకా ఒక బొట్టుంది.
తెడ్డు పట్టిన చేతికి, చూపుడువేలి కొసన
తాకించినా.

పచ్చగా దిగింది.
దీపం దగ్గరకు జరిగి చూస్తా ఉంటే
వెనక మేస్త్రి నిలబడి ఉండాడు.
"ఉతుకులో పోతుందిలే" అన్నాడు,
పోదని తెలిసీ.